పాలపిట్ట రెక్కల కాగితం

పద్మనాభం ముందుగదికి సీలింగ్ ఫ్యాను లేదు. ఫ్యాను తగిలించాల్సిన కొక్కేనికి నైలాను దారంతో ఒక చిన్న విమానం వేలాడుతూ ఉండేది. రామ్‌గోపాల్‌పేటలోని ఆయన స్టేషనరీ దుకాణంలో, కౌంటరుకి పైన, ముప్ఫై ఏళ్ళకు పైగా వేలాడిన విమానం అది. దుకాణం మూసేసిన రోజున మిగతా సరుకంతా తెలిసినవాళ్ళకి వదిలేసి, దీన్ని మాత్రం రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని బన్సీలాల్‌పేటలోని ఇంటికి తెచ్చుకున్నాడు. భార్య కామాక్షి ఆ వేసవంతా సణుగుతూనే ఉంది. "మనుషులకి గాలి లేకపోయినా పర్లేదు, దానికి మాత్రం ఎగరడానికి చోటు కావాలి" అనేది. ఆమె పోయాక సణిగేవాళ్ళూ లేరు. ఆయన ఒక టేబుల్ ఫ్యాను కొనుక్కుని, దాని గాలి విమానానికి తగలకుండా గోడవైపు తిప్పి పెట్టుకునేవాడు.

ఆ విమానం పేరు పాలపిట్ట. దాన్ని చేసినవాడు జకర్యా.

జకర్యా మిషన్ స్కూల్లో డ్రాయింగు మాస్టారు. బాపట్ల వైపునుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడ్డవాడు. పందొమ్మిది వందల అరవైల్లో పద్మనాభం కాకినాడనుంచి వచ్చి మేనమామ దుకాణంలో కుదురుకుంటున్న రోజుల్లో, సాయంత్రం పూట ఒక పొడుగాటాయన వచ్చి, పల్చటి కాగితాలన్నీ వెలుతురుకి ఎత్తి చూసి, ఊది, వేళ్ళమధ్య నలిపి, ఒక్కటీ కొనకుండా వెళ్ళిపోయేవాడు. నాలుగైదుసార్లు చూశాక పద్మనాభానికి విసుగొచ్చింది.

"ఏం చుట్టడానికండీ ఇంతలా వెతుకుతున్నారు?" అని అడిగాడు.

"గాలిని" అన్నాడు జకర్యా.

వాళ్ళిద్దరి స్నేహం అలా మొదలైంది. బొమ్మ విమానాలకి వాడే బాల్సా కర్ర ఆ రోజుల్లో బయటి దేశాలనుంచి రావాలి. వచ్చేదే తక్కువ. జకర్యా నిర్మల్ వెళ్ళి, అక్కడ కొయ్యబొమ్మలు చేసేవాళ్ళ దగ్గర పొణికి కర్ర సంపాదించి, దాన్ని తమలపాకంత పల్చగా చీల్చి, వెదురు పుల్లలు కలిపి విమానం కట్టాడు. ముక్కు దగ్గర ప్రొపెల్లరు, పొట్టలో మెలితిప్పిన రబ్బరు. మెలి విప్పుకుంటున్న కొద్దీ ప్రొపెల్లరు తిరుగుతుంది, పిట్ట లేస్తుంది. జింఖానా మైదానంలో అది మొదటిసారి చేతిలోంచి లేచి, ఒక పెద్ద చుట్టు చుట్టి, గడ్డిలో వాలినప్పుడు పద్మనాభం చిన్నపిల్లాడిలా పరుగెత్తాడు. తీయబోతుంటే వెనకనుంచి జకర్యా కేకేశాడు.

"ముట్టుకోకు. నీ చేతులు బరువు."

మాట కటువుగా ఉన్నా నిజమే. పద్మనాభం చేతులు పొట్లాలు కట్టడానికి పనికొచ్చే చేతులు. అందుకని పని పంచుకున్నారు. ముక్కలు కోయడం జకర్యా వంతు. వాటిని అట్టపెట్టెల్లో సర్ది, పేరు అచ్చువేయించి, అమ్మడం పద్మనాభం వంతు. కొన్నవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి ముక్కలు అతికించుకుని, పైన నీలం కాగితం అంటించుకుని ఎగరేసుకోవాలి. బేగంపేటలో దిగే విమానాల్ని చూసి పిచ్చెక్కిన పిల్లలు, కంటోన్మెంటు ఆఫీసర్లు, ఎన్‌సిసి కుర్రాళ్ళు ఆ పెట్టెల కోసం వచ్చేవాళ్ళు. కట్టాక ఎలా ఉంటుందో చూపించడానికి జకర్యా తయారుచేసి ఇచ్చిన నమూనానే కౌంటరు మీద వేలాడింది.

ఆ తరవాత రిమోటుతో నడిచే విమానాలొచ్చాయి. జకర్యాకి కళ్ళు మసకేశాయి. తొంభై ఆరులో ఆయన్ని భోయిగూడ సమాధుల తోటలో పెట్టి వచ్చారు. మిగిలిన పెట్టెలు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. ఆఖరి పెట్టె కూడా పోయిన రోజున పద్మనాభానికి, అమ్మకుండా ఉండాల్సిందని చీకటి పడ్డాక గాని తట్టలేదు.

రెండువేల ఎనిమిది మార్చిలో బేగంపేటనుంచి విమానాలు శంషాబాదుకి తరలిపోయాయి. ఇంటి మీదుగా పోయే మోత ఆగిపోయింది. ఇరుగుపొరుగు హాయిగా ఉందన్నారు. పద్మనాభానికి మాత్రం మధ్యాహ్నాలు మరీ పొడుగైనట్టనిపించేది. ఏడుపదులు దాటాయి. మోకాలు నొప్పి. తను పోతే ఈ ఇంటి తాళం తీసేది కాకినాడలోని మేనల్లుడు. అతను వచ్చి చేసే మొదటి పని పాత సామాన్లవాణ్ణి పిలవడమే. పడక్కుర్చీలో వెనక్కి వాలి పాలపిట్ట కేసి చూస్తూ ఆయన ఈ ఒక్క సంగతే మళ్ళీ మళ్ళీ ఆలోచించేవాడు. నీలం కాగితం ఎప్పుడో వెలిసి పెరుగు రంగుకి తిరిగింది. రెండుచోట్ల చిరిగింది కూడా.

వర్షాలు మొదలైన రోజుల్లో ఒకతను వెతుక్కుంటూ వచ్చాడు. నలభై లోపు వయసు, చేతిలో హెల్మెట్టు. పేరు తుకారాం. మేడ్చల్ రోడ్డు మీద ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరరు.

"మీ దుకాణం కాడికి పోయిన సార్. ఆడ ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపుంది. పక్కన టైలర్ చెప్పిండు మీరు ఈడ ఉంటున్నరని" అంటూనే అతని చూపు పైకెళ్ళింది. ఇక కిందికి దిగలేదు. "ఇదే సార్. ఆరో తరగతిల మా నాయిన్ని సతాయించి కొనిపిచ్చుకున్న. అంటించరాక సగం ఖరాబు చేసిన. అయినా ఎగిరింది."

కూచోమంటే కూచున్నాడు. కాలేజీలో కొత్త బ్లాకు తెరుస్తున్నారట. కింద హాల్లో అద్దాల బీరువా పెట్టించి అందులో పాలపిట్టని ఉంచుతారట.

"మన సికింద్రాబాద్‌ల ఇట్లాంటి మనిషి ఒకాయన ఉండె అని పిల్లలకు ఎరుక కావాలె సార్. మీరు ఇయ్యకుంటె జబర్దస్తి లేదు."

పద్మనాభం వారం గడువడిగాడు. అడగాల్సిన మనిషి ఒకరున్నారు. జకర్యాకి ఒక్కతే కూతురు, మేబెల్. మారేడ్‌పల్లిలో ఉంటుంది, ఆడపిల్లల స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్. భర్త రిచర్డ్ రైల్వే గార్డు, వారంలో సగం రోజులు బండి మీదే. మేబెల్ ప్రతి క్రిస్మస్‌కీ తప్పకుండా కేకు పంపేది. స్కూలు ఆయా చేతికిచ్చి పంపేది గాని తను ఎన్నడూ రాలేదు. ఎందుకు రాదో పద్మనాభం అడగలేదు. పెద్ద ఉద్యోగం, తీరిక ఉండదనుకున్నాడు.

ఫోను చేసి సంగతి చెప్పాడు.

"అది మీ దగ్గరున్నది, అంకుల్. మీ ఇష్టం. నన్నడగకండి" అంది మేబెల్.

ఇచ్చేశాడు. తుకారాం కారు తెచ్చుకుని, వెనక సీట్లో దుప్పటి పరిచి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టుకుని తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రం పద్మనాభం పడక్కుర్చీని గుమ్మంవైపు తిప్పుకున్నాడు. లోపల చూడ్డానికి ఏమీ లేదు.

పది పదిహేను రోజులకి తుకారాం ఫోను చేశాడు. "సార్, కాగితం మస్తు పాతగైంది. చిరుగులు మూసి, జెర నీలి రంగు కొట్టాల్నా? అసలు పాలపిట్ట లెక్క కనవడ్తది."

పద్మనాభం మనసు ఎగిరి గంతేసింది. ఎంతైనా దుకాణదారు. బీరువాలో పెట్టేది మెరవాలనే ఆయనకి తెలుసు. "కొట్టించండి బాబూ, కొత్తదానిలా ఉండాలి" అన్నాడు.

చూడ్డానికి రమ్మంటే రెండు బస్సులు మారి వెళ్ళాడు. తుకారాం ఎంతో ఉత్సాహంగా తన గది తలుపు తీశాడు. బల్లమీద పాలపిట్ట ఉంది. నీలం రంగు తళతళలాడుతోంది, అంచులకి బంగారు గీత కూడా వేశారు. కాని దాని ఒంట్లో ఏదో తేడా వచ్చింది. రంగు ఆరి బిగుసుకున్నకొద్దీ పాత కాగితం లోపలి పుల్లల్ని లాగేసింది. రెండు రెక్కలూ మెలితిరిగాయి, పిండిన తువ్వాల్లా. తోక ఒక పక్కకి ఒరిగింది. పద్మనాభానికి విమానం కట్టడం చేతకాదు గాని, ముప్ఫై ఏళ్ళు తల పైకెత్తినప్పుడల్లా చూసిన ఆకారం అది. ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది?

"ఎట్లుంది సార్? నేనే కొట్టిన. మూడు కోటింగులు."

"బావుంది" అన్నాడు పద్మనాభం. ఇచ్చిన టీ తాగాడు. మెట్లు దిగి బస్సెక్కాడు.

మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడటానికి ఎవరున్నారని. ఆదివారం మధ్యాహ్నం, చర్చిలో ఆరాధన అయిపోయి ఉంటుందని చూసుకుని, మారేడ్‌పల్లి వెళ్ళాడు. మేబెల్ ఇంకా చర్చికి కట్టుకున్న తెల్లచీరలోనే ఉంది. యాభై దాటిన మనిషి. తండ్రి పొడుగు, తండ్రి కనుబొమలు. మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూచుంది. ఆయన చెప్పడం అయ్యేదాకా అడ్డు రాలేదు.

"రంగు వెయ్యడానికి ఎవరు ఒప్పుకున్నారు?"

"నేనేనమ్మా. నాకు తెలీలేదు. అన్నేళ్ళు అమ్మాను, కాగితం మీద రంగు వేస్తే ఏమవుతుందో ఏనాడూ అడిగి తెలుసుకోలేదు."

"ఏ రెక్క మెలితిరిగింది?"

"రెండూనూ."

ఆయన గ్లాసు కింద పెట్టి, ఇక లేద్దామనుకుంటుంటే, "రేపు సెలవు పెడతాను. కలిసి వెళదాం" అంది మేబెల్.

కాలేజీలో ఆమె పాలపిట్టని రెండు వేళ్ళతో ఎత్తింది. అరచేతి మీద నిలబెట్టి, కళ్ళు మూసుకుంది. "బరువెక్కింది" అని మాత్రం అంది. తుకారానికి అప్పుడర్థమైంది.

"మేడం, మస్తు పెద్ద తప్పైంది. మంచిగ కనవడ్తదని చేసిన."

"శ్రద్ధగా వేశారండీ. ఎక్కడా గీత వణకలేదు" అంది మేబెల్ శాంతంగా. "దీన్ని నేను ఇంటికి తీసుకెళతాను. కొన్నాళ్ళకి మళ్ళీ తెచ్చిస్తాను."

ఆటోలో పద్మనాభం ఒళ్ళో పెట్టుకున్నాడు. దారి పొడుగునా మేబెల్ చెయ్యి ఒక రెక్క కింద అడ్డంగా ఉంది. గుంతలొచ్చినప్పుడల్లా ఆ చెయ్యి రెక్కతో పాటే లేచి దిగేది.

భోజనాల బల్లమీద పాత పేపర్లు పరిచింది. కిటికీలన్నీ తీసింది. స్టీలు గిన్నెలో థిన్నరు పోసి, దూది ముంచి, రెక్క మీద తడుపుతూ పోయింది. ఘాటు వాసన ఇల్లంతా కమ్ముకుంది. పద్మనాభం ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆమె పెట్టుకోలేదు.

"నాన్న చొక్కా వాసన ఇది" అంది. "ఆదివారం సూటు వేసుకున్నా ఇదే వాసన. అమ్మ చర్చిలో సిగ్గుపడేది."

కాగితం మెత్తబడ్డాక బ్లేడుతో అంచు లేపి, మెల్లిగా లాగింది. రంగూ కాగితమూ కలిసి, పాము కుబుసంలా లేచి వచ్చాయి.

"మరి మీ నాన్న అంటించిన కాగితం పోతుందే" అన్నాడు పద్మనాభం, మనసు ఒప్పుకోక.

మేబెల్ చెయ్యి ఆగింది. "ఇది నాన్న అంటించింది కాదు, అంకుల్. నేను అంటించింది."

ఆయన రుమాలు దించి ఆమెకేసి చూశాడు.

"మీ దుకాణానికిచ్చిన ఈ నమూనా, స్కూళ్ళకి చూపించడానికి పంపినవి, అన్నిటికీ కాగితం నేనే అంటించాను. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. స్కూలునుంచి రాగానే అదే పని. కాగితం తడిపి పరిచేటప్పుడు ఊపిరి బిగపట్టుకోవాలి. ఊపిరి తగిలితే ముడత. నాన్న వెనకాల నిలబడి చూసేవారు. ముడతపడితే చెప్పేవారు. పడకపోతే ఏమీ అనేవారు కాదు."

"నాకెప్పుడూ చెప్పలేదు వాడు."

"చెప్పాలని ఆయనకి తోచి ఉండదు." మళ్ళీ పనిలో పడింది. "ఒకసారి కత్తి అడిగాను. నేనూ ఒకటి కోసి కడతానని. వేలు తెగుతుంది, నువ్వు కాగితం చూసుకో చాలన్నారు. పై ఏడాది కాగితం కూడా మానేశాను. ఆయన మళ్ళీ అడగలేదు, నేనూ మళ్ళీ ముట్టుకోలేదు."

ఒక రెక్క పూర్తయింది. రెండోది తనవైపు తిప్పుకుంది.

"పెట్టె మీద బొమ్మ వేయించింది మీరేగా?"

"నేనే. ప్రెస్సువాడు ఏదో కేలండర్‌లోది చూపిస్తే సరేనన్నాను."

"నిక్కరు, టోపీ, చేతిలో విమానం. ఎవరా పిల్లాడు?"

"ఎవరో. ఎవరికి తెలుసమ్మా."

"చాలా ఏళ్ళు నాకు వాడంటే కోపం" అంది మేబెల్. నవ్వుదామని చూసింది గాని నవ్వు పూర్తిగా రాలేదు.

పద్మనాభం తల దించుకున్నాడు. ఆ ఇంటికి ఆయన ఎన్నిసార్లు వెళ్ళాడు. వెనక గదిలో బల్ల దగ్గర ఒక పిల్ల వంగి కూచుని ఉండేది. హోంవర్కు చేసుకుంటోందనుకున్నాడు. మిఠాయి పొట్లం ఇచ్చి, బాగా చదువుకోమని చెప్పి వచ్చేవాడు.

సాయంత్రానికి కాగితమంతా ఊడిపోయింది. లాగిపట్టి ఉంచినది పోవడంతో రెక్కలు మెల్లమెల్లగా తమంతట తామే సాపయ్యాయి. అది మామూలుగా జరిగేదేనని మేబెల్ చెప్పింది. పొణికి, వెదురు, వాటిని కలిపిన జిగురు చుక్కలు, అంతే మిగిలింది. ఒక్కో రెక్కలో వరసగా పక్కటెముకలు. ప్రతి దానిలోనూ బరువు తగ్గడానికి కోసిన కన్నాలు. కింద పేపరు మీద వాటి నీడలు పడ్డాయి. పెట్టెలు కట్టి, పేరు చెప్పి, "మహా తేలికండీ" అని ఇంతకాలం అమ్మిన మనిషి జకర్యా పని లోపలినుంచి ఎలా ఉంటుందో మొదటిసారి చూశాడు.

"చెయ్యి చాపండి" అంది మేబెల్.

"నా చేతులు బరువమ్మా. మీ నాన్నే అనేవాడు."

"చాపండి ముందు."

అరచేతిలో పెట్టింది. ఏదో పెట్టినట్టు కంటికి తెలుస్తోంది గాని చేతికి తెలియలేదు. పద్మనాభం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో చెయ్యి ఎత్తితే అది కదులుతుందేమోనని తుడుచుకోలేదు.

కాసేపటికి అడిగాడు. "మళ్ళీ కాగితం అంటిస్తావా, మేబెల్?"

"అంటించగలను. చెయ్యి మరిచిపోలేదు." ఆమె ఊడిన కాగితాన్ని పేపర్లో చుట్టడం మొదలుపెట్టింది. "కాని వద్దు. అంటిస్తే మళ్ళీ అంతా నాన్న పనే అంటారు. ఇలాగే ఇచ్చేద్దాం. ఇదైతే నిజంగా ఆయన పనే."

ఆ తరవాత కొన్ని శనివారాలు పద్మనాభం మారేడ్‌పల్లి వెళ్ళాడు. పుల్లల మీద మిగిలిన రంగు మచ్చల్ని ఆమె కొంచెం కొంచెంగా తీసేది. ఈయన చూస్తూ కూచునేవాడు. మాటలు ఎక్కువ ఉండేవి కావు. ఒక శనివారం మేబెల్ పరీక్ష పేపర్ల కట్ట ముందేసుకుని కూచుని ఉంది. ఈయన్ని చూసి పెన్ను కింద పెట్టి, టీ పెట్టడానికి లేచింది. లేచేముందు గడియారం చూసిందో లేదో ఆయనకి రూఢిగా తెలీదు. అయినా పై వారంనుంచి మోకాలి నొప్పని చెప్పి మానేశాడు.

డిసెంబరులో కొత్త బ్లాకు తెరిచారు. పాలపిట్ట అద్దాల బీరువాలో, కాగితం లేకుండా, ఎముకలు కనిపిస్తూ వేలాడింది. కింద తెల్ల కార్డు మీద జకర్యా పేరు. మేబెల్ రాలేదు. ఆ రోజే స్కూల్లో క్రిస్మస్ కార్యక్రమమంది. పెద్దలు చాలామంది మాట్లాడారు. పద్మనాభానికి శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చారు. వారం రోజులుగా ఇంట్లో ఒక్కడే నిలబడి గోడకి చెప్పుకున్న ఉపన్యాసం ఒకటుంది. జింఖానా మైదానంతో మొదలవుతుంది. మైకు పట్టుకునేసరికి అందులో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"ఈ విమానం నా స్నేహితుడు జకర్యా కట్టాడు" అన్నాడు. "దీనికి ఇదివరకు పైన కాగితం ఉండేది. ఆ కాగితం అంటించింది వాళ్ళమ్మాయి మేబెల్. అప్పుడు తనకి పద్నాలుగేళ్ళు. ముడతన్నది లేకుండా అంటించింది. ఆ మాట నేను పెట్టె మీద వేయించలేదు. వేయించి ఉండాల్సింది."

ముందు వరసలో ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. వెనక పిల్లలు అప్పటికే భోజనాలవైపు కదులుతున్నారు.

బయటికి వస్తుంటే తుకారాం కలిశాడు. "మేడం పేరు సుత కార్డు మీద రాపిస్త సార్. మీరు ఊ అనుండ్రి."

"అడిగి చెప్తాను. ఈసారి అడక్కుండా ఊ అనను."

గేటు పక్కన బస్టాపులో నిలబడి ఫోను చేశాడు. అవతల పిల్లల పాటలు, హార్మోనియం వినిపిస్తున్నాయి. మేబెల్ పక్కకి వచ్చి మాట్లాడింది.

"కార్డు మీద వద్దు, అంకుల్. కాగితమే లేదుగా దానిమీద." వెంటనే అడిగింది. "మైకులో చెప్పారా, నిజంగా?"

"చెప్పాను."

"చాలామంది ఉన్నారా?"

"ఉన్నారు. విన్నవాళ్ళు తక్కువ."

అవతల ఆమె నవ్వడం వినిపించింది. ఈసారి పూర్తిగానే నవ్వింది. "నాన్న ఉన్నప్పుడు ఎవరైనా అని ఉంటే..." అని, ఆ మాట అక్కడితో వదిలేసింది. "ఎలా వెళతారు ఇంటికి?"

"బస్సు."

"బోయిన్‌పల్లిలో దిగి ఆటో ఎక్కండి. ఆ మోకాలితో నడవొద్దు." వెనకనుంచి ఎవరో పిలిచారు. "ఉంటాను, అంకుల్."

బస్సు వచ్చేసరికి పొద్దువాలింది. బోయిన్‌పల్లిలో కూరగాయల మార్కెట్టు ఎదురుగా దిగాడు. ఖాళీ గంపలతో, బస్తాలతో జనం గుంపులుగా ఇళ్ళకి పోతున్నారు. ఒక్కడే ఉన్నాడని, బేరం దగ్గరని ఆటోవాళ్ళు ఎవరూ రామన్నారు. రోడ్డు పక్కన బండి మీద రెండు వంకాయలు, గుప్పెడు పచ్చిమిరపకాయలు తీసుకున్నాడు. రాత్రికి ఒక మనిషికి అవి చాలు. చలి గాలి మొదలైంది. చంకలో పెట్టుకున్న శాలువా మడత విప్పి భుజాల చుట్టూ కప్పుకుని, ఆయన నెమ్మదిగా నడక సాగించాడు.